పంచదార డబ్బాకు తాళం

"చెంచాడు పంచదార కోసం తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్నారు. నగల కొట్టు వాడైనా ఇంత కాపలా కాయడు బావా."

"కాయబట్టే మీ అక్క షుగర్ దిగింది."

"అంటే ఇన్నాళ్లూ ఎక్కించింది నేనా?"

"నేనన్నానా? షుగర్ చూసే మిషన్ అంటోంది. నువ్వు వంటింట్లో ఉన్నన్నాళ్లూ ఎక్కింది. నిన్ను బయట కూర్చోబెట్టాక దిగింది."

"వినండమ్మా, మీరే వినండి." చెల్లెలు కాఫీ ట్రే పట్టుకుని ఇటు తిరిగింది. "ఈ ఇంట్లో చీమలకి కూడా తిండి కరువైంది. వంటింటి దారి మర్చిపోయి మందుల అలమర దగ్గర బారులు తీరుతున్నాయి. అవీ దొంగలేనంటే చెప్పండి, వాటినీ నా పెట్టెలో వేసుకుని తీసుకుపోతాను."

ఆమె "అమ్మా" అన్నది డిటెక్టివమ్మను. అసలు పేరు ఏదైనా, బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టే ఉద్యోగం మానేసి, కళ్లజోళ్ల షాపు పైన గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టినప్పటినుంచీ ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తోంది. పక్కన కూర్చున్నది మేనకోడలు. అత్తయ్య ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లడం, ఆవిడ కళ్లజోడు ఎక్కడ పెట్టిందో గుర్తుపెట్టుకోవడం, ప్రతి కేసులోనూ తప్పుడు మనిషిని అనుమానించడం ఆమె పనులు. మూడింటిలోనూ ఇంతవరకు పొరపాటు పడలేదు.

పొద్దున్నే చెల్లెలు మెట్లెక్కి వచ్చినప్పుడు కేసు విని మేనకోడలికి నవ్వాగలేదు. పంచదార దొంగ. కానీ చెల్లెలు చూపించిన కుర్చీలో కూడా కూర్చోలేదు. "మా అక్కకి క్యాన్సరమ్మా. తీపి తినకూడదన్నారు. నేను దొంగచాటుగా తినిపిస్తున్నానని ఇంట్లో అనుకుంటున్నారు. అంటే అక్కని నేనే చంపుతున్నానన్నమాట. పెట్టె సర్దుకున్నాను. కానీ ఈ నింద నెత్తిన పెట్టుకుని గడప దాటలేను. దొంగెవరో తేల్చండి, పోతాను." ఆ మాట విన్నాక నవ్వు దానంతటదే పోయింది.

ఇప్పుడు ఇద్దరూ ఆ ఇంటి ముందు గదిలో, చేదు కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. అది గదీ, టైలరింగ్ షాపూ కూడా. రెండు కుట్టుమిషన్లు, గోడ పొడుగునా దారపు ఉండల అరలు, వేలాడేసిన కర్టెన్లు. ఒక మిషన్ దగ్గర దిండుకి ఆనుకుని అక్క కూర్చుని ఉంది. వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మ. జుట్టుకి రుమాలు కట్టుకుని ఉన్నా, మొహంలో కళ ఉంది. చేతిలో గులాబీరంగు కర్టెన్‌కి అంచు కుడుతోంది.

"ఆ దారం ఒక పిసరు ముదురు," అన్నాడు ఆవిడ భర్త గుమ్మం దగ్గరనుంచే. చూడ్డం కూడా సరిగ్గా చూడలేదు. "పై వరసలో చివరి ఉండ తీసుకో. అది కలుస్తుంది."

టైలరమ్మ మార్చి చూసింది. కలిసింది. "జీవితమంతా బోర్డులు రాసిన మనిషి," అంది డిటెక్టివమ్మతో, కొంచెం గర్వంగా. "ఊళ్లో సగం షాపుల పేర్లు ఈయన చేతివే. అందుకే అందరూ ఆర్టిస్టుగారంటారు."

"ఆ పటం కూడా ఆయనదేనా?"

గోడ మీద ఒక ముసలావిడ బొమ్మ. చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో శాలువా నేల దాకా జారి ఉంది.

"మా అత్తగారు," అంది టైలరమ్మ. ఆర్టిస్టు లోపలికి వెళ్లిపోయాడు.

డిటెక్టివమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మొదటినుంచి చెప్పమ్మా. మందు మొదలుపెట్టాక ఏమైంది?"

"కొత్త మందండీ. ఇంకా పరీక్షల్లోనే ఉందట. నాలాంటివాళ్లని కొంతమందిని తీసుకుని ఇస్తున్నారు. రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక ఒక మాత్ర. లావుగా, గులాబీరంగులో ఉంటుంది. వేసుకున్న కొద్దిరోజులకే నోరంతా పూసింది. ఒంటిమీద దద్దుర్లు. షుగర్ పైకి పోయింది. కానీ గడ్డ మాత్రం తగ్గింది. రెండో స్కానింగ్‌లో డాక్టరమ్మ నాకంటే ఎక్కువ సంతోషపడింది."

"పంచదార డబ్బాకి తాళం ఎప్పుడు పడింది?"

"ఆ స్కానింగ్ అయ్యాకే. షుగర్ ఎంతకీ దిగట్లేదని ఈయన తాళం వేశారు. అయినా దిగలేదు. తాళం వేసినా ఎక్కుతోందంటే ఎవరో పెడుతున్నారని..." ఆవిడ చెల్లెలి వైపు చూడలేదు. "దాన్ని వంటింట్లోకి రావద్దన్నారు. మాత్ర కూడా తన చేత్తోనే ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు దిగింది."

"దానితో పాటు ఇంకేం మారాయి?"

టైలరమ్మ సూది ఆపింది. "అన్నీ మంచే జరిగాయండీ. నోటిపూత మానింది. దద్దుర్లు పోయాయి. మాత్ర కూడా ఇప్పుడు సులువుగా దిగిపోతోంది. ఇదివరకు గొంతులో చేదు పట్టుకుని చాలాసేపు వదిలేది కాదు. నాలుక బాగుపడిందనుకున్నాను."

లోపలినుంచి కూతురు వచ్చి తల్లి పక్కన నిలబడింది. బేకరీలో పని. తెల్ల ఏప్రన్ మీద పిండి మరకలు ఇంకా ఉన్నాయి. మేనకోడలి మనసులో వెంటనే ఒక దీపం వెలిగింది. బేకరీ అంటే కేకులు, కేకులంటే పంచదార.

"నన్నలా చూడకండి," అంది కూతురు ఆమెతో. "ఇంటికి రాగానే నాన్న నా సంచీ వెతుకుతారు. బస్టాండులో పోలీసులు కూడా అంత వెతకరు."

"నాన్నగారికి అమ్మంటే అంత జాగ్రత్త," అంది డిటెక్టివమ్మ.

"జాగ్రత్తా? రోజూ పడుకునేముందు అమ్మ కాళ్లు ఒళ్లో పెట్టుకుంటారు. అదేదో సినిమాలోలా కాళ్లు పడతారనుకునేరు. టార్చి వేసి చూస్తారు. వేలికీ వేలికీ మధ్య కూడా."

"చీ, ఊరుకో," అంది తల్లి. కానీ ఆవిడ మొహం ఎర్రబడింది. మేనకోడలికి ముచ్చటేసింది. పెళ్లయి ఇన్నేళ్లయినా భార్య పాదాలు చూసుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

అత్తయ్య మాత్రం నవ్వలేదు. లేచి మందుల అలమర దగ్గరికి వెళ్లింది. చీమలు నిజంగానే ఉన్నాయి. గోడ పగులులోంచి సన్నని గీతలా వచ్చి, రెండో అరలో ఒక సీసా మూత చుట్టూ తిరుగుతున్నాయి. ఆవిడ వాటిని చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "అమ్మాయ్, మీ డాక్టరమ్మకి ఒక ఫోన్ చేసి, నేను అడిగింది చెప్పమని చెబుతావా?" అంది టైలరమ్మతో.

*

ఆసుపత్రికి వెళ్లే దారిలో మేనకోడలు తన తీర్పు వినిపించింది. "కూతురే అత్తయ్యా. సంచీలో కాకపోతే జేబులో తెచ్చి ఉంటుంది."

"మరి ఇప్పుడెందుకు ఆపేసింది?"

"భయపడి."

"కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పడిందని అందరూ ఒట్టేసి చెబుతున్నారు. నువ్వు కాకి పేరు మారుస్తున్నావంతే."

డాక్టరమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. నిలబడే మాట్లాడింది. బల్ల మీద ఖాళీ కవరు తిప్పి దానిమీద ఒక గుండ్రం గీసింది.

"ఇది కణం అనుకోండి. దీనికి పంచదార కావాలి. ఇన్సులిన్ వచ్చి తలుపు దగ్గర గంట కొడుతుంది. గంట మోగితే కణం తలుపు తీసి పంచదార లోపలికి తీసుకుంటుంది, పెరుగుతుంది. ఈవిడ క్యాన్సర్ కణాల్లో ఆ గంట పాడైంది. ఎవరూ కొట్టకపోయినా మోగుతూనే ఉంటుంది. అందుకని అది తింటూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. వట్టి తిండిపోతు. మా మాత్ర చేసే పని ఆ గంట తీగ తెంపడం."

"మంచి కణాలకీ అదే గంట కదా?"

డాక్టరమ్మ ఆవిణ్ణి మెచ్చుకోలుగా చూసింది. "చిక్కంతా అక్కడే. వాటికీ సరిగ్గా వినపడదు. పంచదార లోపలికి పోక రక్తంలోనే తిరుగుతుంది. కాబట్టి ఈ మాత్ర వేసుకున్నవాళ్లకి షుగర్ కొంత పెరగడం మామూలే. అది పథ్యం తప్పడం కాదు, మందు పని. మరీ పెరిగితే మాత్రం ఇన్సులిన్ ఎక్కువ ఊరి గంటని గట్టిగా బాదుతుంది. మా కష్టం బూడిదలో పోసినట్టవుతుంది. అందుకే తీపి తగ్గించమంటాం. అవసరమైతే షుగర్‌కి వేరే మందు కలుపుతాం."

"నోటిపూత, దద్దుర్లు?"

"అవీ ఈ మాత్రవే."

"ఈ సంగతి వాళ్లింట్లో ఎవరికైనా చెప్పారా?"

"మొదటిరోజే చెప్పాను. భయంలో సగం వినరు. కిందటిసారి మాత్రల సీసా తీసుకోడానికి ఒక్కరే వచ్చినప్పుడు మా నర్సు మళ్లీ విడమరిచి చెప్పింది. ఇక్కడే నిలబడి వింటున్నాను."

"ఎవరు వచ్చారు?"

డాక్టరమ్మ చెప్పింది. మేనకోడలు మనసులోంచి కూతుర్ని కొట్టేసింది.

"ఆఖరి ప్రశ్న," అంది డిటెక్టివమ్మ. "ఆ షుగరూ, ఆ నోటిపూతా, ఆ దద్దుర్లూ అన్నీ ఒకే వారంలో మాయమైతే మీరేమంటారు?"

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "మాత్ర వేసుకుంటోందా అని అడుగుతాను."

తిరిగి వచ్చేటప్పుడు డిటెక్టివమ్మ టైలరమ్మ వీధి మలుపులో ఉన్న మందుల షాపులోకి వెళ్లి, గాజుపెట్టెలో ఉన్న మాత్రలన్నిటినీ చీరలు చూసినట్టు చూసి, ఒక చిన్న పొట్లంతో బయటికి వచ్చింది. దగ్గుకా అని మేనకోడలు అడిగితే, కళ్లకి అంది.

*

సాయంత్రం షట్టరు దించాక అందరూ ముందు గదిలో కూర్చున్నారు. చెల్లెలి పెట్టె గుమ్మం పక్కనే ఉంది. డిటెక్టివమ్మ ఆ ఇంటి కూతురితో మందుల సీసా తెప్పించి, ఒక మాత్ర సాసరులో వేసి, దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. ఆర్టిస్టు మాత్రం దాన్నే చూస్తున్నాడు.

"ఈ ఇంట్లో పంచదార దొంగ లేరు," అంది డిటెక్టివమ్మ. "ఎప్పుడూ లేరు. షుగర్ ఎక్కించింది మాత్ర. అది పనిచేస్తోందనడానికి గుర్తు అది. కాబట్టి చెల్లెమ్మా, నీ కేసు తేలిపోయింది. నువ్వు నిర్దోషివి."

చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ మాట కొంచెం గట్టిగా చెప్పండమ్మా. కొందరికి వినపడినట్టు లేదు."

"కానీ అసలు కేసు ఇప్పుడు మొదలవుతుంది. మాత్ర ఎక్కించిన షుగర్ మాత్ర మానకుండా ఎందుకు దిగింది? డబ్బాకి తాళం వేస్తే నోటిపూత మానుతుందా? దద్దుర్లు పోతాయా? చేదు మాత్ర చేదు మానేస్తుందా? అందరూ షుగర్ దిగిందని సంబరపడ్డారు. ఆ సంబరమే నన్ను భయపెట్టింది."

టైలరమ్మ చేతిలోని గుడ్డ ఒళ్లోకి జారిపోయింది. "అంటే నేను వేసుకుంటున్నది..."

"చూడండి."

అందరూ కిటికీ వైపు తిరిగారు. గట్టు మీదికి చీమల గీత అప్పుడే చేరింది. గులాబీరంగు మాత్ర చుట్టూ నల్లని అంచు కుట్టినట్టు మూగుతున్నాయి.

"డాక్టరమ్మ మాత్ర దగ్గరికి చీమ రాదు. ఇది బలానికి వేసుకునే మామూలు మాత్ర. మీ వీధి మలుపు షాపులో దొరుకుతుంది." ఆవిడ పొట్లం విప్పి అలాంటివే చూపించింది. "పైన పంచదార పూత. ఈ ఇంట్లో ఆవిడ చేత పంచదార తినిపించినవాళ్లు నిజంగానే ఒకరున్నారు. డబ్బాకి తాళం వేసినవాళ్లు."

మేనకోడలు ఆర్టిస్టు జేబు వైపు చూసింది.

"ఆ షాపతను నాతో అన్నాడు. ఎవరైనా జబ్బు చెప్పి మందు కొంటారు, ఈయన రంగు చెప్పి కొన్నాడని. వెలుతురులో పట్టుకుని, ఇది ఒక పిసరు ముదురు, ఇంకోటి చూపించు అన్నారట. ఆర్టిస్టుగారూ, మీ అమ్మగారికి ఏ కాలు తీసేశారు?"

ఆర్టిస్టు పటం వైపు తిరిగాడు.

"కుడికాలు," అన్నాడు. "మొదట బొటనవేలు. చిన్న పుండు. చెప్పు కరిచిందనుకున్నాం. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. కట్టు నేనే మార్చేవాణ్ణి. ఆ వాసన ఇప్పటికీ..." అరచేతిని చొక్కాకి తుడుచుకున్నాడు. "క్యాన్సర్ ఎలా ఉంటుందో నాకు తెలీదమ్మా. స్కానింగ్‌లో మచ్చ చూపించి ఇదీ అన్నారు. షుగర్ ఎలా ఉంటుందో తెలుసు. గడ్డ తగ్గిందన్నారు, ఇక చాలనుకున్నాను. మందు చేసే మేలు చేసేసింది, ఇంక కీడే మిగిలింది అనుకున్నాను. ఆ నర్సు మాత్ర వల్లే షుగర్ అని చెప్పేసరికి నాకు ఇంకేం వినపడలేదు. ఈవిడ పాదాలు తప్ప ఏం కనపడలేదు."

"నన్నెందుకు అన్నారు మరి?" అంది చెల్లెలు.

"మొదట నిజంగానే నువ్వనుకున్నాను. తర్వాత కాదని తెలిసింది. తెలిశాక చెబితే ఇదంతా బయటపడుతుంది. నువ్వు మోస్తున్నావు కదా అని నీ నెత్తినే ఉంచేశాను." ఆయన లేచి మరదలి ముందు నిలబడ్డాడు. చేతులు ఏం చేయాలో తెలియనట్టున్నాయి. "తప్పు చేశానమ్మా."

"తప్పా? ఈ పది రోజులూ చేదు కాఫీ తాగించారు," అంది చెల్లెలు. ఏడుస్తూనే అంది.

"అసలు మాత్రలు ఎక్కడున్నాయి?" అని అడిగింది డిటెక్టివమ్మ. "పారేసి ఉండరు. చీమంత అనుమానం మీకూ ఉండే ఉంటుంది."

ఆయన లోపలికి వెళ్లి కుంచెల పెట్టె తెచ్చాడు. కుంచెల కింద మెత్తని గుడ్డలో మాత్రలు మూటకట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా విరగలేదు. కూతురు ఆ మూట అందుకుని తల్లి ఒళ్లో పెట్టింది. తండ్రికి వీపు తిప్పి నిలబడింది.

టైలరమ్మ ఆ మూటను చూడలేదు. ఫోన్ తీసి డాక్టరమ్మకి చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. జరిగింది తనే చెప్పింది, ఎవరి మీదా చాడీలా కాకుండా, బట్ట తప్పు కత్తిరించామని ఖాతాదారుకి చెప్పినట్టు. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఆ కాసేపట్లో మేనకోడలు తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచింది. ఈ ఆడమనిషిని మందు పరీక్షల్లోంచి తీసేస్తే ఎలా?

"ఎన్నాళ్లు ఆగింది?" అంది డాక్టరమ్మ.

"రెండు వారాల లోపే," అన్నాడు ఆర్టిస్టు దూరంనుంచి.

"అయితే వినండి. ఒళ్లు తట్టుకోలేనివాళ్లకి ఈ మాత్ర మూడు వారాల దాకా మేమే ఆపిస్తాం. తర్వాత మళ్లీ మొదలుపెడతాం. కాబట్టి కొంప మునగలేదు. జరిగింది జరిగినట్టు నేను ఈ పరీక్షలు నడిపే పైవాళ్లకి రాయాలి, రాస్తాను. దానికి మిమ్మల్ని తీసేయరు. రేపు పొద్దున రండి, రక్తం చూసి, గడ్డ తడిమి, కొత్త సీసా ఇస్తాను. పాతవి వాడొద్దు, నాకు తెచ్చివ్వండి. షుగర్‌కి ఈసారి వేరే మందు కూడా మొదలుపెడదాం." కొంచెం ఆగి, "పాదాల భయం ఉన్న పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకు రండి. ఆయనకి నేను కూర్చుని చెబుతాను. ఈసారి కూర్చునే చెబుతాను," అంది.

ఫోన్ పెట్టేశాక ఆ గదిలో ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఆరుగురిదీ ఒక్కటిగా వినిపించింది. ఆర్టిస్టు మిషన్ పక్కన నేలమీద కూలబడిపోయాడు. కూతురు వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

డిటెక్టివమ్మ కళ్లజోడు కోసం తడుముకుంది. మేనకోడలు దాన్ని ఆవిడ నెత్తిమీదనుంచి తీసి ఇచ్చింది. "అత్తయ్యా, మీరెప్పుడు కనిపెట్టారు?" అని గుసగుసగా అడిగింది.

"టార్చి అన్నప్పుడు. ప్రేమకి టార్చి అక్కర్లేదే, భయానికి కావాలి." తర్వాత ఏదో సరిదిద్దుకున్నట్టు, "రెండూ ఒకేచోట ఉంటే చెప్పడం కష్టం," అంది.

టైలరమ్మ భర్త వైపు చేయి చాపింది. ఆయన అర్థం చేసుకుని జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని గుండీల డబ్బాలో పడేసి మూత పెట్టింది. ఆగిన కర్టెన్ పని మళ్లీ చేతిలోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండా, అంచు ఎక్కడ మడవాలో చెప్పినంత మామూలుగా అంది.

"రేపటినుంచి పంచదార డబ్బా తెరిచే ఉంటుంది. తినకూడనిది నేను, ఇల్లంతా కాదు. నా మాత్ర నా దగ్గరే ఉంటుంది, నా చేత్తో నేనే వేసుకుంటాను. చెల్లీ, ఆ పెట్టె లోపల పెట్టు, దారికడ్డంగా ఉంది."

కుట్టు వేసింది. లాగింది. ముడి బిగించింది.

"పాదాలు మాత్రం," అంది, "ఆయన రోజూ చూడొచ్చు."